గాజువాక ఎండ థర్మామీటరుకు దొరకదు

మే నెలలో రెంటచింతల పేరు చెబితే రాష్ట్రమంతా ఉలిక్కిపడుతుంది. విశాఖ అనగానే సముద్రపు గాలి గుర్తొస్తుంది. గాజువాకలో అపార్టుమెంటు స్లాబు మీద కడ్డీలు కట్టే మనిషి ఒళ్లు ఈ లెక్కను ఒప్పుకోదు.

కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. మండుటెండలో దాన్ని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట. అది పడితే చాలదు, ఆరాలి. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. సముద్రపు తేమగాలిలో ఆరక ఊరికే కారిపోతే పోయేది ఒంట్లోని నీరూ ఉప్పూ మాత్రమే.

థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుడితే ఈ తేడా అంకెల్లో కనిపిస్తుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే అది 24 దగ్గర ఆగుతుంది. ఎండ 35 డిగ్రీలే అయినా తేమ 70 శాతం ఉంటే 30కి చేరుతుంది. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆరోగ్యవంతులైన యువతీయువకులు సైతం ఉక్కపోతలో ఈ తడిగుడ్డ అంకె 31 దగ్గరున్నప్పుడే ఒంటి వేడిని అదుపు చేసుకోలేకపోయారు. వాళ్లు చేసింది తేలికపాటి పని. కాంక్రీటు తట్ట మోయడం అలాంటిది కాదు.

స్లాబు పోసే రోజు మరీ గడ్డు. మధ్యలో ఆపితే పాత పోతకూ కొత్త పోతకూ మధ్య అతుకు బలహీనపడుతుంది కాబట్టి మేస్త్రి ఎవర్నీ కూర్చోనివ్వడు. వింతేమిటంటే, ఎండలో కాంక్రీటును కాపాడేందుకు ఐఎస్ 7861 ప్రమాణం 1975 నుంచే ఉంది. దాన్ని మోసేవాళ్ల నీడ, విరామం చాలాచోట్ల మేస్త్రి దయ మీదే. తెల్లవారుజామునే పోత మొదలుపెడితే సగం బాధ తప్పుతుంది. మనవాళ్లెందరో పనిచేసే ఖతార్‌లో 2021 నుంచి వేడి, తేమ, ఎండ తాపం కలిపి లెక్కగట్టే సూచిక 32.1 దాటితే ఏ వేళలోనైనా బయటి పని ఆపాల్సిందే.

కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండి తిరిగొచ్చిన కూలీకి మొదటి వారం ఎక్కువ ముప్పు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది.

ఒంటి వేడి 40 దాటి, మాట తడబడి, మనిషి తికమకపడుతుంటే అది వడదెబ్బే. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోకూడదు. పనిలో కూలిపోయినవాడికి చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. పారాసిటమాల్ పనిచేయదు. స్పృహ తప్పినవాడి నోట్లో మజ్జిగ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండాలి. స్లాబు తడిపే పైపు ఇందుకు పనికొస్తుంది. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చే వేడినీళ్లు మాత్రం వదిలేయాలి.