రెండు తీగల సాక్ష్యం

మైపాడు, కృష్ణపట్నం దారుల్లోని బేకరీల్లో ఓవెన్ మొరాయించిందంటే తరచుగా వినిపించే తీర్పు ఒకటే: "బోర్డు పోయింది." నన్నడిగితే, ముందు విచారించాల్సింది బోర్డును కాదు, దానికి వేడి కబురు మోసుకొచ్చే రెండు తీగల్ని.

వాటి కథ 1821లో మొదలైంది. థామస్ సీబెక్ రెండు వేర్వేరు లోహాలను వలయంగా కలిపి ఒక అతుకును వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అదంతా అయస్కాంత ప్రభావమే అనుకున్నాడాయన. నిజానికి అక్కడ పుట్టింది కరెంటు. 1880ల్లో ఫ్రాన్సులో లె షాటెలియే ప్లాటినం, రోడియంలతో దాన్ని కొలిమి వేడిని నమ్మకంగా కొలిచే సాధనంగా తీర్చాడు. బేకరీ ఓవెన్లలో ఎక్కువగా కనిపించేది దాని చవక వారసుడు, కె రకం థర్మోకపుల్: క్రోమెల్ తీగ ఒకటి, అల్యూమెల్ తీగ ఒకటి.

ఈ తీగలు పుట్టించేది డిగ్రీకి 41 మైక్రోవోల్టులే. లోపల 200 డిగ్రీలు, ప్యానెల్ దగ్గర 30 డిగ్రీలు ఉంటే మీటరు చూపేది సుమారు 6.9 మిల్లీవోల్టులు. టార్చిలైటు సెల్లులో 1,500 ఉంటాయి. ఇంత బక్క సంకేతానికి మన తీరంలో పెద్ద శత్రువు ఉప్పుగాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని తానే కరుగుతుంది. ఆ తడి టెర్మినళ్ల మీద చేరి చిలుము పట్టిస్తుంది, రీడింగు తడబడుతుంది. ఈశాన్య రుతుపవనాల ముసురులో పొద్దున్నే తప్పు చూపించిన ఓవెన్, ప్యానెల్ వేడెక్కి ఆరాక బుద్ధిగా పనిచేస్తుంది. మెకానిక్ వచ్చేసరికి జబ్బే కనపడదు!

ఉప్పు చేయని తప్పులు మనుషులు చేస్తారు. తీగ చాలక మామూలు రాగి వైరుతో అతికిస్తే, ఆ అతుకు దగ్గర 70, ప్యానెల్ దగ్గర 35 డిగ్రీలున్నప్పుడు రీడింగు 35 తగ్గుతుంది. కంట్రోలరు అంత వేడి అదనంగా ఎక్కిస్తుంది, బన్నులు మాడతాయి. రంగుల చిక్కు మరొకటి. అమెరికా పద్ధతిలో కె రకం ఎర్ర తీగ మైనస్. మన ఎలక్ట్రీషియన్ చెయ్యి దాన్ని అలవాటుగా ప్లస్‌కు బిగిస్తుంది. అప్పుడు ఓవెన్ వేడెక్కేకొద్దీ అంకె పడిపోతుంది. అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి. అల్యూమెల్ అంటుకుంటుంది, క్రోమెల్ అంటుకోదు. అంటుకున్నదే మైనస్.

బోర్డును పరీక్షించడమూ తేలికే. కరెంటు ఆపి, థర్మోకపుల్ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న రాగి తీగతో కలిపి మళ్లీ ఆన్ చేయాలి. ప్యానెల్ దగ్గరి వేడి ఎంతో అంతే చూపిస్తే బోర్డు ఇన్‌పుట్ బాగున్నట్టే.

అంకె సరిగానే ఉండి వేడి మాత్రం ఆగకపోతే సాలిడ్ స్టేట్ రిలేను అనుమానించాలి. అది చెడినప్పుడు తరచుగా షార్టయి, హీటర్లను ఆన్‌లోనే ఉంచేస్తుంది. అందుకే ఓవెన్‌లో విడిగా హై లిమిట్ థర్మోస్టాట్ పెడతారు. అది పదేపదే ట్రిప్ అవుతోందని బైపాస్ చేసి మాత్రం ఓవెన్ నడపకండి.