ఖాళీ అయిన ఊరికి భాషే పని ఇచ్చింది | నాంట్ గుర్థెయిర్న్ కథ

పని పోయి ఖాళీ అయిపోయిన ఊరు మళ్లీ లేవగలదా? ఈ ఎపిసోడ్‌లో అలా లేచిన ఒక చిన్న ఊరి గురించి చెప్తాను.

ఊరి పేరు నాంట్ గుర్థెయిర్న్. బ్రిటన్‌లో పశ్చిమాన వేల్స్ ఉంది కదా, దాని ఉత్తర భాగంలో సముద్రం పక్కన, నిటారు కొండల కింద ఉంటుంది. అక్కడి వాళ్ల భాష వెల్ష్. ఇంగ్లిష్‌లో ఒక యాస అనుకోకండి, పూర్తిగా వేరే భాష.

19వ శతాబ్దంలో ఇక్కడ గ్రానైట్ క్వారీలు మొదలయ్యాయి. లివర్‌పూల్, మాంచెస్టర్ లాంటి సిటీల్లో రోడ్ల మీద పరిచే రాతి దిమ్మలు ఇక్కడి నుంచి కూడా ఓడల్లో వెళ్లేవి. పనివాళ్ల కోసం రెండు వరసల ఇళ్లు కట్టారు. చర్చి, స్కూలు కూడా వచ్చాయి.

తర్వాత తారు రోడ్లు వచ్చాయి, రాయికి గిరాకీ పడిపోయింది. క్వారీలు ఆగాయి. 1948లో స్కూలు మూసేశారు. 1959కల్లా ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

1970లో పక్క ఊరికి కార్ల్ క్లౌస్ అనే డాక్టర్ వచ్చాడు. మాంచెస్టర్‌లో పెరిగిన మనిషి. ఆయనకి రెండు సమస్యలు కనిపించాయి: చుట్టుపక్కల పనుల్లేవు, వెల్ష్ మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారు. రెండింటికీ ఒకటే జవాబు ఆలోచించాడు. పాడుబడ్డ ఈ ఊరినే వెల్ష్ నేర్పే చోటుగా మారిస్తే? 1978లో ఒక ట్రస్ట్ విరాళాలు పోగుచేసి, 25,000 పౌండ్లకి ఊరిని కొనేసింది. ఇళ్లు బాగుచేసుకుంటూ 1982లో క్లాసులు మొదలుపెట్టారు.

ఇప్పుడు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఆ పాత క్వారీ ఇళ్లలోనే ఉంటారు. క్లాసులో, కేఫ్‌లో కూడా వెల్షే వినిపిస్తుంది. టీచర్లకి, వంటవాళ్లకి, కేఫ్‌లో చేసేవాళ్లకి పని దొరికింది. పెళ్లిళ్లు కూడా జరుగుతున్నాయి.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. పాత ఊరైతే తిరిగి రాలేదు. వచ్చేవాళ్లు కోర్సు అయ్యాక వెళ్లిపోతారు, స్కూలు మళ్లీ తెరుచుకోలేదు. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతమే, 2011లో 19 శాతం. ఒక్క సెంటర్ దీన్ని ఆపలేదు. భాష నిలవాలంటే క్లాసు ఒక్కటే చాలదు, పిల్లలు పెరిగే ఇళ్లు కావాలి, ఆ ఇళ్లు నడవడానికి పక్కనే పని కావాలి.

అయినా ఈ ఊరు ఒకటి చూపించింది. భాషంటే మ్యూజియంలో దాచుకునే వస్తువు కాదు, దాంతో జీతాలు కూడా వస్తాయి. మీ ఊళ్లో మూతపడిన బిల్డింగ్ ఏదైనా ఉంటే, దాన్ని దేనికి వాడొచ్చో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.