పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ఇంజిన్ సౌండ్ వినే ముందు ఛాసిస్ కింద టార్చ్ వేసి చూడండి!

ఫోన్ బెండ్ టెస్ట్ వీడియోలు చూసేవాళ్లకి ఐఫోన్ 6 గుర్తుండే ఉంటుంది. 2014లో వచ్చిన ఆ ఫోన్ జేబులో పెట్టుకుంటేనే వంగిపోతోందని పెద్ద గోల అయింది. వంగింది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, వాల్యూమ్ బటన్ల దగ్గర. బాడీలో వీక్ పాయింట్ అదే. తర్వాతి ఏడాది 6ఎస్‌లో యాపిల్ మరింత గట్టిదైన 7000 సిరీస్ అల్యూమినియం వాడింది.

కార్ల విషయంలోనూ ఇదే లాజిక్. కాకపోతే ఇక్కడ వీక్ పాయింట్ తెగితే పోయేది డిస్‌ప్లే కాదు, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో వెనక చక్రాల మీద ఉండాల్సిన కంట్రోల్. సెకండ్ హ్యాండ్‌లో పవర్‌ఫుల్ కారు తీసుకుని, రీమ్యాప్ చేయించి తోలాలనుకునే కుర్రాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

అసలు కేసు: బీఎండబ్ల్యూ ఈ46 ఎం3

2000 నుంచి 2006 వరకు వచ్చిన ఈ కారు ఇప్పటికీ చాలామందికి డ్రీమ్ కారే. 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 343 హార్స్‌పవర్, 365 ఎన్ఎం టార్క్, 8,000 ఆర్‌పీఎం వరకు తిరిగే గుణం. ఇంజిన్ సూపర్. సమస్యంతా డిక్కీ కింద ఉంది.

వెనక డిఫరెన్షియల్, సస్పెన్షన్ రెండూ సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప ఫ్రేమ్ మీద ఉంటాయి. ఆ సబ్‌ఫ్రేమ్ నాలుగు చోట్ల బోల్టులతో కారు ఫ్లోర్‌కి బిగించి ఉంటుంది. ఆ ఫ్లోర్ మాత్రం పల్చటి రేకు, స్పాట్ వెల్డింగ్‌తో అతికించింది.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. ఫస్ట్ గేర్ రేషియో సుమారు 4.23, ఫైనల్ డ్రైవ్ 3.62. రెండూ గుణిస్తే టార్క్ దాదాపు 15 రెట్లు పెరుగుతుంది. అంటే ఇంజిన్ దగ్గర 365 ఎన్ఎం ఉన్నది చక్రాల దగ్గరికొచ్చేసరికి లెక్క ప్రకారం 5,500 ఎన్ఎం దాటుతుంది. చక్రాలు ముందుకు తోసినంత గట్టిగానూ సబ్‌ఫ్రేమ్ ఎదురు మెలి తిరగాలని చూస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒకవైపు లాగుడు, వదిలితే రెండోవైపు. ఒక రేకుని పదేపదే ఇటూ అటూ వంచితే ఏమవుతుంది? ఏదో ఒక రోజు చీలుతుంది. దీన్నే మెటల్ ఫెటీగ్ అంటారు. ఈ46ల్లో ముందు స్పాట్ వెల్డ్‌లు ఊడతాయి, తర్వాత బోల్టు చుట్టూ క్రాక్ మొదలవుతుంది.

"ప్లేటు కొట్టించేస్తే సరిపోదా?"

తిరువూరులో ఉన్నవాళ్లకి వెంటనే వచ్చే ఆలోచన ఇదే. ఎన్‌హెచ్ 30 ఎక్కి మైలవరం మీదుగా వెళ్తే విజయవాడ 70 కిలోమీటర్ల చిల్లర. అక్కడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌కి అదనపు ప్లేటు వేసే పనివాళ్లకి కొదవ లేదు. వాళ్ల చేతి పనితనంలో డౌట్ అక్కర్లేదు కూడా. కానీ లారీ వేరు, ఈ కారు వేరు.

లారీది లాడర్ ఫ్రేమ్. రెండు మందమైన ఇనుప రైళ్లు, మధ్యలో అడ్డ మెంబర్లు. బరువంతా ఆ రైళ్లే మోస్తాయి, బాడీ పైన కూర్చుంటుంది. కారుది మోనోకాక్. దానికి విడిగా ఛాసిస్ అంటూ లేదు. ఫ్లోర్, పిల్లర్లు, రూఫ్ అన్నీ కలిసి ఒక డబ్బాలా లోడ్ పంచుకుంటాయి. పల్చటి రేకు మీద మందపాటి ప్లేటు పెట్టి చుట్టూ గట్టిగా వెల్డ్ చేస్తే ప్లేటు కింద బాగానే ఉంటుంది, ప్లేటు అంచు దగ్గర కొత్త క్రాక్ వస్తుంది. మనం సమస్యని తీసేయలేదు, నాలుగు అంగుళాలు పక్కకి జరిపామంతే.

అందుకే మంచి రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే లోడ్ ఒక్క బోల్టు దగ్గర ఆగకుండా పెద్ద ఏరియాకి, వీలైతే పక్కనున్న బలమైన బాక్స్ సెక్షన్‌లోకి వెళ్లేలా దారి చూపించడం.

సరైన పద్ధతి ఎలా ఉంటుంది?

1. ముందు అన్నీ విప్పాలి. సబ్‌ఫ్రేమ్ దించాలి. ఈ46లో పెట్రోల్ ట్యాంక్ వెనక సీటు కిందే ఉంటుంది కాబట్టి వెల్డింగ్‌కి ముందు అదీ దించాల్సిందే. బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి.

2. అండర్‌కోటింగ్ గీకి క్రాక్ ఎక్కడిదాకా పోయిందో చూడాలి. క్రాక్ చివర చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది. తర్వాతే వెల్డ్ చేయాలి.

3. రేకు ఆకారానికి సరిపోయేలా తయారైన ప్లేట్లు నాలుగు పాయింట్లకీ వేయాలి. మిగ్ వెల్డింగ్‌ని కొద్దికొద్దిగా, ఆగుతూ చేయాలి. ఒకేసారి లాగించేస్తే వేడికి రేకు వంకరపోతుంది, అలైన్‌మెంట్ దెబ్బతింటుంది.

4. కొందరు ప్లేట్లకి స్ట్రక్చరల్ ఎపాక్సీ కూడా వాడతారు. జిగురే కదా అని తీసిపారేయకండి. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ అల్యూమినియం ఛాసిస్ మొత్తం ఎపాక్సీతో అతికించిందే. కాకపోతే ఉపరితలం పూర్తిగా శుభ్రంగా, పొడిగా ఉండాలి.

5. చివర్లో ప్రైమర్, సీమ్ సీలర్, లోపలి ఖాళీల్లో క్యావిటీ వ్యాక్స్. ఇది వదిలేస్తే రెండు మూడు వానాకాలాలకి తుప్పు లోపల్నుంచి తినేస్తుంది.

కొనే ముందు మీ ఫోన్‌తోనే చెకింగ్

ఓబీడీ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్లు లేవని సంతోషించకండి. రేకుకి సెన్సర్ ఉండదు, చీలినా కోడ్ రాదు. ఆన్‌లైన్‌లో టైప్-సి ఎండోస్కోప్ కెమెరాలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ఒకటి ఫోన్‌కి తగిలించి సబ్‌ఫ్రేమ్ పైభాగంలోకి పంపి చూడండి. డిక్కీ కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. పెయింట్ మీద సన్నటి గీత, తుప్పు చార, లేదా ఒక్క చోటే కొత్తగా కొట్టిన అండర్‌కోటింగ్ కనిపిస్తే అనుమానించాల్సిందే. టెస్ట్ డ్రైవ్‌లో సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కి వదలండి. వెనక నుంచి "టక్" మని వస్తే అరిగిన బుష్ కావచ్చు, క్రాక్ కావచ్చు. ఏదో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

చట్టం ఏమంటుంది?

కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పేదీ అదే. ఓనర్ చేయించిన అక్రమ మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చీలిన చోట రిపేర్ చేయించడం ఒకటి, రోల్ కేజ్ బిగించి బాడీ కోయడం వేరొకటి. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడగండి. పనికి ముందు, తర్వాత ఫోటోలు, బిల్లులు దాచుకోండి. ఛాసిస్ నంబర్ ఉన్న చోట గ్రైండర్ పెట్టనివ్వకండి.

మా మాట

ఈ46 ఎం3 మన ఊళ్లలో కనిపించడం అరుదే. కానీ పాత సెడాన్‌కి రీమ్యాప్ చేయించి టార్క్ పెంచే ప్రతివాళ్లకీ ఈ పాఠం వర్తిస్తుంది. కంపెనీ లెక్కేసిన లోడ్ ఒకటి, మనం వేస్తున్నది ఇంకొకటి. క్రాక్ లేనప్పుడే ప్లేట్లు వేయిస్తే పని తేలిక. ఫ్లోర్ చీలి విడిపోయాక ప్యానెల్ మొత్తం కోసి కొత్తది వేయాల్సి వస్తుంది, అప్పుడు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. బడ్జెట్ ఒక్కదానికే ఉందంటే రీమ్యాప్ వాయిదా వేయండి. ముందు ఆ డబ్బుతో కారు కింద భాగం చూపించండి.