ఫైరింజన్ ముఖం ఎప్పుడూ రోడ్డు వైపే ఎందుకుంటుంది?

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫైర్ స్టేషన్ ముందు నుంచి చాలాసార్లు పోయుంటారు కదా, లోపల ఎర్రబండి ఎటు తిరిగి నిలబడి ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? ముఖం రోడ్డు వైపే ఉంటుంది. పిలుపొచ్చాక రివర్స్ తీసుకోవడానికి పది సెకన్లు కూడా పోకూడదని. పని ముగించుకుని తిరిగొచ్చాక, ఎంత అలసిపోయి ఉన్నా, ముందు బండిని వెనక్కి నడిపి లోపల పెట్టాలి, ట్యాంకు నింపాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఫైర్ స్టేషన్ అంటే బండ్లు పెట్టుకునే షెడ్డు అనుకుంటాం. కాదు. అది టైము మిగల్చడానికి కట్టిన బిల్డింగు. ఈ ఒక్క మాట పట్టుకుంటే అక్కడ ఏది ఎందుకుందో మీకే అర్థమైపోతుంది.

అంత తొందర ఎందుకంటారా? మంట నిదానంగా, ఒక్కో వస్తువునీ కాల్చుకుంటూ పోతుందని మన లెక్క. గదిలో ఒక సోఫా అంటుకుంటే వేడి పొగంతా పైకప్పు కింద పేరుకుంటుంది. కొన్ని నిమిషాల్లోనే ఆ వేడికి గదిలో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి భగ్గుమంటాయి. దీన్నే ఫ్లాష్ ఓవర్ అంటారు. ఇక మంటకంటే ముందు మనిషిని పడగొట్టేది పొగ. 2022 సెప్టెంబరు 25న రేణిగుంటలో, కింద క్లినిక్, పైన ఇల్లు ఉన్న భవనంలో మంటలు లేచి ఒక డాక్టరూ ఆయన ఇద్దరు పిల్లలూ చనిపోయారు. ఇలాంటి చోట నిమిషం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

సరే, స్టేషన్ లోపలికి పోదాం. ముందు వైపు వాచ్ రూమ్ ఉంటుంది. ఫోను, వైర్‌లెస్ సెట్ అక్కడే. రాత్రీ పగలూ ఒకరు మేలుకునే ఉంటారు. ఫోన్ రాగానే బెల్లు మోగుతుంది. సిబ్బంది ఉండే గది బండికి వీలైనంత దగ్గరలో ఉంటుంది, బూట్లు, హెల్మెట్లు చేతికందేలా ఉంటాయి. సినిమాల్లో స్తంభం పట్టుకుని జారతారే, అది కూడా ఈ లెక్కే. 1878లో అమెరికాలోని షికాగోలో, పై అంతస్తులో ఉండే ఫైర్‌మెన్ మెట్లు దిగేలోపు ఆలస్యమవుతోందని డేవిడ్ కెన్యన్ అనే కెప్టెన్ పెట్టించాడు. గది బండి పక్కనే, కిందే ఉంటే స్తంభంతో పనేముంది?

కొన్ని స్టేషన్లలో పొడవాటి టవర్ కనిపిస్తుంది. అది నీళ్ల ట్యాంకు అనుకుంటారు చాలామంది. తడిసిన గొట్టాలను వేలాడదీసి ఆరబెట్టేది అక్కడే. తడిగా చుట్టి పెడితే గుడ్డ గొట్టం కుళ్లి, అసలు టైములో పగిలిపోతుంది. నిచ్చెన ఎక్కడం, మనిషిని భుజాన వేసుకుని దిగడం ప్రాక్టీసు చేయడానికీ ఆ టవరే పనికొస్తుంది. ఆవరణలో నీళ్ల సంపు కూడా ఉంటుంది. అది ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క చూడాలి. మామూలు ఫైరింజన్‌లో సుమారు 4500 లీటర్లు పడతాయి. పంపు నిమిషానికి 2000 లీటర్లకు పైగా నెట్టగలదు. అంటే ఫుల్‌గా వదిలితే రెండు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ! ఒక్క గొట్టంతో పొదుపుగా కొడితే ఇంకొంచెం సేపు వస్తాయి, అంతే. "నీళ్లు లేకుండా వచ్చినారబ్బా" అని అరిచేవాళ్లకు ఈ లెక్క తెలీదు. రెండో బండి, నింపుకోవడానికి దగ్గర్లో నీళ్లు, రెండూ కావాలి.

ఇక స్టేషన్ ఎక్కడ కట్టాలి? పట్టణ ప్రణాళికలో 2 లక్షల జనాభాకు ఒక ఫైర్ స్టేషన్ అని మన దేశంలో ఒక కొలత ఉంది. 2011 లెక్కల ప్రకారం తిరుపతి నగర జనాభా సుమారు 2.87 లక్షలు. కానీ ఆ లెక్కలో రోజూ కొండకు వచ్చిపోయే వేలాది భక్తులు లేరు కదా! లాడ్జీలూ హోటళ్లూ నిండేది వాళ్లతోనే. పైగా కొండ దారి సంగతి తెలిసిందే. అలిపిరి నుంచి ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి, నీళ్ల బరువుతో ఫైరింజన్ పైకి ఎక్కేసరికి అక్కడ అంతా అయిపోతుంది. అందుకే తిరుమలలో విడిగా ఫైర్ స్టేషన్ ఉంది. అక్కడుండే ప్రమాదాలు కూడా వేరే. నెయ్యి మరిగే పోట్లు, దీపాలు, కర్పూరం, ఎండాకాలంలో చుట్టూ ఎండిపోయిన అడవి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 2023 జూన్ 16 గుర్తుందా? గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫోటో ఫ్రేముల షాపు మంటల్లో ఉన్న వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. స్వామివారి రథం కాలిపోయిందని పుకారు కూడా పుట్టింది. రథానికి ఏమీ కాలేదు. అలాంటి పాత వీధుల్లోకి ఫైరింజన్ ఎలా రావాలో ఒక్కసారి ఊహించుకోండి. బండి వెడల్పే దాదాపు రెండున్నర మీటర్లు. ఎత్తైన భవనాల చుట్టూ 6 మీటర్ల దారి వదలాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మన వీధుల్లో రెండు పక్కలా బైకులు, మధ్యలో తోపుడుబండి, పైన వేలాడే కేబుల్ వైర్లు. స్టేషన్‌లో సెకన్లు లెక్కపెట్టి మిగిల్చిన టైమంతా ఆ వీధి మొదట్లోనే పోతుంది.

అందుకే మీ చేతిలో ఫోను ఉంది కాబట్టి మీకే చెబుతున్నా. మంట కనిపిస్తే కెమెరా ఓపెన్ చేయకముందు 101 కొట్టండి. 112 అయినా పర్లేదు. నాలుగు ముక్కలు చెప్పండి: ఎక్కడ, దగ్గర్లో ఏ గుర్తు ఉంది, కాలుతున్నది ఏంటి, లోపల మనుషులున్నారా. గ్యాసా, నూనా, కరెంటా అన్నదాన్ని బట్టి వాళ్లు తెచ్చే సామాను మారుతుంది. తర్వాత ఇద్దరు కలిసి వీధిలో బైకులు పక్కకు జరపండి. ఒకరు సందు మొదట్లో నిలబడి బండికి దారి చూపించండి. వీడియో తీస్తూ గుంపుగా నిలబడితే మీరే అడ్డం.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి చనిపోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకంగా. ఆ వారంలో దగ్గర్లోని స్టేషన్‌కు ఒకసారి పోయి చూడండి. బండి ముఖం ఎటుందో కూడా చూసి రండి.

ఈ ఎపిసోడ్‌కు ఇంతే. లైక్ తర్వాత కొట్టొచ్చు గానీ, ముందు ఇవాళ సాయంత్రం మీ బైకు సందుకు అడ్డంగా పెట్టకండి. మళ్లీ కలుద్దాం.