పాత ఫ్లాపీలోని తెలుగును చదవాలంటే పాత కంప్యూటర్ కావాలి

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది బాగ్‌బేరా. ఉక్కు కర్మాగారంలోనూ రైల్వేలోనూ పనికి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉంటున్నాయి. అలాంటి ఒక ఇంట్లో బీరువా సర్దుతుంటే 1990ల నాటి ఫ్లాపీ ఒకటి బయటపడిందనుకుందాం. దానిమీద అంటించిన చీటీలో ‘ఉగాది సంచిక’ అని రాసి ఉంది. అచ్చయిన ప్రతి ఒక్కటీ మిగల్లేదు. ఎలాగోలా ఫైలును ఇప్పటి ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి తెరిస్తే తెలుగు కనబడదు. ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తులు, తలపై చుక్కలున్న ఐరోపా అక్షరాలు కలగాపులగంగా వరుస కడతాయి.

చూసినవారు ఫైలు పాడైపోయిందనుకుంటారు. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది. దాన్ని తెలుగుగా చూపించే ఏర్పాటే ఇప్పుడు లేదు. ఆ ఏర్పాటులో ఒక ఫాంటు, ఒక సాఫ్ట్‌వేర్, అది నడిచే ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని మోసే యంత్రం ఉంటాయి. యంత్రం తుక్కు కింద పోయి ఉండవచ్చు. అయినా దాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం రూపంలో మళ్లీ నిలబెట్టవచ్చు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌నే ఎమ్యులేటర్ అంటారు.

అక్షరం వెనుక అంకె

కంప్యూటర్ దాచేది అక్షరాన్ని కాదు, అంకెను. ఏ అంకె ఏ అక్షరమో ముందుగా ఒక ఒప్పందం ఉండాలి. ఇప్పటి ఒప్పందం యూనికోడ్. అందులో తెలుగు ‘క’ సంఖ్య 3093, హిందీ ‘క’ సంఖ్య 2325. తెలుగుకు విడిగా 128 స్థానాలు కేటాయించారు. ఫోన్‌లో పంపిన తెలుగు సందేశం ఎక్కడైనా తెలుగులాగే కనబడేది అందుకే.

1990లలో సామాన్యుల కంప్యూటర్లలో ఒక అక్షరానికి ఒక బైటే. అంటే మొత్తం 256 విలువలు. భారతీయ లిపుల కోసం 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే ప్రమాణాన్ని ఖరారు చేసింది. మొదటి 128 విలువలను ఇంగ్లీషుకు వదిలి, మిగతావాటిలో భారతీయ అక్షరాలను పెట్టారు. ఇస్కీలో ‘క’ విలువ 179. తెలుగైనా, హిందీ అయినా, బెంగాలీ అయినా అదే. ‘అమ్మ’ అనే మాట 164, 204, 232, 204 అనే నాలుగు అంకెలుగా దాగుతుంది. వీటిలో 232 పొల్లుకు గుర్తు. ఒకే ఫైలును లిపి మార్చి చదవగలగడం ఇందులోని సౌలభ్యం. తెలుగు మాట్లాడుతూ హిందీలో చదువుకునే పిల్లలున్న జంషెడ్‌పూర్ వంటి చోట ఇది చిన్న విషయం కాదు.

అయితే అచ్చు పనిలో ఎక్కువగా నడిచింది వేరే పద్ధతి. డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌తో పాటు అను, శ్రీలిపి వంటి ఫాంట్లు వాడేవారు. వీటిలో అంకె సూచించేది అక్షరాన్ని కాదు, అక్షరం ముక్కను. తలకట్టుకు ఒక అంకె, కొమ్ముకు ఒకటి, మకార వత్తుకు మరొకటి. పైగా ఈ ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే కూర్చుంటాయి. ఏ ముక్కకు ఏ అంకె అన్నది ఫాంటును బట్టి మారుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్ అదే అంకెను ఇంగ్లీషు అక్షరంగానో, పౌండు గుర్తుగానో చూపిస్తుంది.

ఫాంటు ఒక్కటి దొరికితే చాలదా? మామూలు పాఠ్యపు ఫైలైతే కొన్నిసార్లు చాలు. పేజ్‌మేకర్ ఫైలుకు మాత్రం పేజ్‌మేకరే కావాలి. 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబ్ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి ప్రధాన వెర్షన్. ఇప్పటి ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవదు. కాబట్టి అప్పటి విండోస్‌నే వెతుక్కోవాలి.

ఒక యంత్రంలో మరో యంత్రం

తగిన సూచనలు ఇస్తే ఒక యంత్రం మరే యంత్రం పనినైనా చేయగలదని అలన్ ట్యూరింగ్ 1936లోనే గణితపరంగా చూపించాడు. 1960లలో ఐబీఎం దాన్ని వ్యాపారంలో వాడుకుంది. 1964లో ప్రకటించిన సిస్టమ్ 360 శ్రేణిలో పాత 1401 కంప్యూటర్ల ప్రోగ్రాములు నడిచేలా ఏర్పాటు చేసింది. పాత ప్రోగ్రాములు వృథా అవుతాయన్న భయం అప్పటికే ఖాతాదారులకు ఉండేది మరి.

ఎమ్యులేటర్ లోపల ప్రాసెసర్ ఒక ప్రోగ్రాం. ప్రాసెసర్‌లోని రిజిస్టర్లు ఆ ప్రోగ్రాంలో చలరాశులు. 64 ఎంబీ మెమరీ అంటే అంత పొడవున్న అంకెల వరుస. ఎమ్యులేటర్ ఆ వరుసలోంచి ఒక సూచనను తీస్తుంది, దాని అర్థం తేలుస్తుంది, ఆ పని చేస్తుంది, తరువాతి సూచనకు వెళుతుంది. సెకనుకు కోట్లసార్లు ఇదే జరుగుతుంది. పాత యంత్రపు ఒక్కో సూచనకు కొత్త యంత్రంలో అనేక సూచనలు ఖర్చవుతాయి. అందుకే 200 మెగాహెర్ట్జ్ పెంటియంను అనుకరించడానికి గిగాహెర్ట్జ్ వేగమున్న ప్రాసెసర్ కావలసి వస్తుంది. తరచూ వచ్చే భాగాలను ఒకసారి అనువదించి దాచుకుని, మళ్లీ మళ్లీ వాడుకోవడం ద్వారా ఈ భారాన్ని తగ్గిస్తారు.

ముందు ఫ్లాపీని కాపాడాలి

అసలు ఫ్లాపీని పదే పదే తిప్పకూడదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలన ఉన్న చిన్న తలుపును జరిపి రంధ్రం తెరిచి ఉంచితే దానిమీద కొత్తగా ఏదీ రాయలేం. ఆ తరువాతే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో పెట్టాలి. లోపలి ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేయడం కంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా తీయడం మేలు. దీన్ని డిస్క్ ఇమేజ్ అంటారు.

ఆ ఫైలు పరిమాణం 14,74,560 బైట్లు ఉండాలి. ఫ్లాపీకి రెండు వైపులు, వైపుకు 80 వలయాలు, వలయానికి 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే వచ్చేది ఇదే. 1.44 ఎంబీ అని వాడుకలో పిలిచే లెక్క ఇది. పరిమాణం తగ్గిందంటే కొన్ని సెక్టార్లు చదవలేదని అర్థం. మామూలు డ్రైవ్ చదవలేని డిస్కులకు, పూత మీది అయస్కాంత మార్పులనే నేరుగా నమోదు చేసే గ్రీజ్‌వీజిల్ వంటి పరికరాలున్నాయి. పూత మీద బూజు కనిపిస్తే మాత్రం డ్రైవ్‌లో పెట్టకూడదు. డిస్కుతో పాటు డ్రైవ్ కూడా పాడవుతుంది.

వేగం ఎక్కువైనా చిక్కే

యంత్రాన్ని ఎంచుకోవడం తరువాతి పని. 86బాక్స్ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, సౌండ్ కార్డు అన్నీ జాబితాల నుంచి ఏరుకోవచ్చు. విండోస్ 98 కోసం పెంటియం 166 లేదా 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, ఎస్3 గ్రాఫిక్స్ కార్డు, సౌండ్ బ్లాస్టర్ 16, రెండు జీబీల లోపు హార్డ్ డిస్క్ సరిపోతాయి.

ఉన్న వనరులన్నీ ఇచ్చేస్తే బాగా నడుస్తుందనుకోవడం సహజం. ఇక్కడ జరిగేది దానికి విరుద్ధం. 512 ఎంబీకి మించి మెమరీ ఇస్తే మెమరీ చాలడం లేదని విండోస్ 98 ఫిర్యాదు చేయవచ్చు. డిస్కు కోసం వాడే తాత్కాలిక నిల్వ అతిగా పెరిగి, చిరునామాల స్థలాన్ని ఆక్రమించడమే కారణం. విండోస్ 95 కథ ఇంకా ఆసక్తికరం. 350 మెగాహెర్ట్జ్, అంతకు మించిన ఏఎండీ కే6-2 ప్రాసెసర్లపై అది మొదలయ్యేటప్పుడే ఆగిపోయేది. ప్రాసెసర్ వేగం తెలుసుకోవడానికి అది ఒక లూప్‌ను తిప్పి, పట్టిన సమయంతో భాగించేది. వేగం పెరిగేసరికి ఆ సమయం సున్నాగా నమోదై, సున్నాతో భాగించాల్సి వచ్చేది. అప్పటి ప్రోగ్రాంలో అప్పటి వేగమే ఇమిడి ఉంది. మంచి ఎమ్యులేటర్ పాత యంత్రపు నిదానాన్ని కూడా అనుకరించాల్సింది ఇందుకే.

సిస్టమ్ ఎక్కించే వరుస

మీట నొక్కగానే ప్రాసెసర్ బయోస్ అనే చిన్న ప్రోగ్రాం దగ్గరకు వెళుతుంది. ఎమ్యులేటర్‌కు ఇది రామ్ కాకుండా రోమ్ అనే శాశ్వత చిప్ నుంచి తీసిన ఫైలుగా విడిగా అందాలి. బయోస్ మెమరీని లెక్కపెట్టి, డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలో 31,744వ స్థానానికి తెస్తుంది. చివరి రెండు బైట్లు 85, 170 అయితే అది సిస్టమ్ ఉన్న డిస్కని నమ్మి పగ్గాలు అప్పగిస్తుంది. కొత్తగా తయారుచేసిన హార్డ్ డిస్క్ ఇమేజ్‌లో అన్నీ సున్నాలే. అందుకే మొదటిసారి స్టార్టప్ ఫ్లాపీ ఇమేజ్‌తోనో, సీడీ ఇమేజ్‌తోనో మొదలుపెట్టాలి.

ఆ తరువాత ఎఫ్‌డిస్క్‌తో హార్డ్ డిస్క్‌లో భాగం ఏర్పరచి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ నడపాలి. ఫార్మాట్ ఆదేశంతో ఆ భాగాన్ని సిద్ధం చేసి, సీడీలోని సెటప్‌ను నడిపించాలి. మధ్యలో యంత్రం కొన్నిసార్లు తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. తెర 16 రంగులతో వెలవెలబోతుంటే గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఎక్కలేదని అర్థం. అన్నీ కుదిరాక ఎమ్యులేటర్‌ను ఆపి హార్డ్ డిస్క్ ఇమేజ్‌కు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. తరువాత ఏ ప్రయోగం బెడిసినా ఆ నకలు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

రెండు జాగ్రత్తలు తప్పవు. విండోస్ 98కు భద్రతా సవరణలు 2006 జులై 11తో ఆగిపోయాయి కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు కలపకూడదు. అమ్మకం ఆగినంత మాత్రాన కాపీరైట్ కూడా ఆగదు. విండోస్‌కైనా, పేజ్‌మేకర్‌కైనా, ఫాంట్లకైనా అప్పట్లో కొన్న సీడీ, దాని కీ ఉండాలి. డాస్ ప్రోగ్రాములు మాత్రమే నడపాలంటే ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే ఫ్రీడాస్ ఉంది.

తెలుగును బయటికి తేవడం

ఫాంట్లను, వాటితో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను, పేజ్‌మేకర్‌ను ఎక్కించి ఫ్లాపీ ఇమేజ్‌ను జతచేస్తే ఉగాది సంచిక తెర మీద తెలుగులో విచ్చుకుంటుంది. పని అక్కడితో అయిపోదు. చూడటానికి ప్రతిసారీ పాత యంత్రాన్ని లేపాల్సి వస్తే ఆ ఫైలు కాపాడినట్టు కాదు.

మొదట పేజీ రూపాన్ని పట్టుకోవాలి. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌ను ఎంచుకుని, కాగితానికి బదులు ఫైలులోకి ప్రింట్ చేస్తే అక్షరాల ఆకారాలతో సహా పేజీ నమోదవుతుంది. దాన్ని బయటికి తెచ్చి ఇప్పటి కంప్యూటర్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ ద్వారా పీడీఎఫ్‌గా మార్చవచ్చు. అలా వచ్చిన పీడీఎఫ్‌ను చదవగలం కానీ అందులో ఒక పేరును వెతకలేం. లోపలి అంకెలు ఇంకా ముక్కలవే.

అందుకే పాఠ్యాన్ని విడిగా తీసి యూనికోడ్‌లోకి మార్చాలి. ఇస్కీ ఫైలైతే ఒక పట్టిక చాలు: 179 కనబడిన చోటల్లా 3093 పెట్టడం వంటిదే. ముక్కల ఫాంటైతే ఆ ఫాంటుకే సరిపోయే మార్పిడి సాధనం కావాలి. తెర మీది వరుసకూ ఉచ్చారణ వరుసకూ తేడా ఉంటుంది కాబట్టి వత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉంది. అప్పుడు పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని సరిచూడాలి. ముఖ్యంగా ఇంటిపేర్లు, ఊరిపేర్లు. మామూలు మాటలో తప్పు పడితే చదివేవారు సర్దుకుంటారు. ‘గొల్ల’ కాస్తా ‘గోల’ అయితే ఆ కుటుంబం ఆచూకీయే మారిపోతుంది.

ఎమ్యులేటర్ కూడా ఆగే చోటు

ఎవరో ఒకరు వివరంగా రాసిపెట్టిన పరికరాన్నే ఎమ్యులేటర్ అనుకరించగలదు. ప్రపంచమంతా అమ్ముడైన సౌండ్ కార్డులు జాబితాలో ఉంటాయి. భారతదేశానికే ప్రత్యేకమైన పరికరాల సంగతి వేరు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, 1988లో ఏర్పడిన సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ సాంకేతికత ఇందుకు ఉదాహరణ. దాని కార్డును కంప్యూటర్‌లో గుచ్చితే డాస్ ప్రోగ్రాములలో భారతీయ లిపులు కనబడేవి. అక్షరాలను కూర్చే తెలివి ఆ కార్డులో ఉండేది. ఆ కార్డు ప్రవర్తనను కూడా సాఫ్ట్‌వేర్‌గా రాస్తే తప్ప డాస్ ఒక్కదాన్ని నిలబెట్టినంత మాత్రాన తెలుగు రాదు. పాఠ్యం ఇస్కీలో ఉంటే పట్టికతో మార్చుకునే దారి మాత్రం మిగులుతుంది. ప్యారలల్ పోర్టుకు తగిలించే తాళం ఉంటేనే నడిచే సాఫ్ట్‌వేర్లతోనూ ఇలాంటి చిక్కే. సీడీ ఉన్నా ఆ చిన్న తాళం పోతే తలుపు తెరుచుకోదు.

కాబట్టి పాత సామాను తీసేటప్పుడు ఫ్లాపీని మాత్రమే దాచి మిగతాది పారేయడం పొరపాటు. ఫాంట్ల సీడీ, కీ రాసిన చీటీ, వాడుక పుస్తకం, పోర్టుకు తగిలించే తాళం, అచ్చయిన ఒక్క పేజీ దొరికినా అన్నీ ఒకే కవరులో పెట్టాలి. ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ ఫాంటుతో కూర్చారో ఆ రోజుల్లో పని చేసినవారిని ఇప్పుడే అడిగి కాగితం మీద రాసుకోవాలి. కంప్యూటర్‌ను ఇంకో పదేళ్ల తరువాతైనా నిలబెట్టవచ్చు. ఆ వివరం తెలిసినవారు అప్పటికి అందుబాటులో ఉండకపోవచ్చు.