లియర్ రాజు నడిచింది అడవిలో కాదు

లియర్ రాజు అడవిపాలయ్యాడని నోట్సులో వ్రాసుకొని నేను దట్టమైన అడవినే ఊహించుకున్నాను. ఒకనాడు కురబలకోట దాటి నడుస్తుంటే వాన పట్టుకుంది. బండలు, బీడు, అక్కడక్కడా తంగేడు. తలదాచుకోను చెట్టు లేదు. నాటకం తిరిగి తెరిచి చూద్దును గదా, చుట్టూ మైళ్ళ దూరం పొదైనా అరుదని గ్లోస్టరే చెబుతున్నాడు! 'హీత్' అన్న మాట పాత్రలెవరూ అనరు. 1606లో ఆడిన నాటకానికి నికొలస్ రో 1709లో చేర్చిన రంగసూచన అది. మన రాముడికి అడవి పండ్లిచ్చింది, పర్ణశాలకు ఆకులిచ్చింది. బీడు లియర్‌కు ఏమీ ఇవ్వదు. గూడులేని పేదలు అతనికి గుర్తొచ్చేది అక్కడే. హార్డీ 1878 నవలలోని ఎగ్డన్ హీత్ కూడా బీడే, కాని అక్కడ ముళ్ళపొదలు కొట్టి బ్రతికేవారున్నారు. ఆ వానలో నన్నూ ఒక గొర్రెలకాపరి కంబళి ఎత్తి పిలిచాడు: "రా నాయనా, తడుస్తాండావే!"