కంప్యూటరు పాలేరుకు పాత చీటీ ఇస్తే...

అమలాపురం: ఎప్పుడూ వచ్చే దింపు కార్మికుడికి తోటలో ఏ చెట్టు ఎక్కాలో మళ్ళీ చెప్పనక్కరలేదు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసిపెట్టే ఏ.ఐ. ఏజెంటు సంగతి అలా కాదు. ప్రతి పూటా అది దాదాపు కొత్తగా కుదిరిన పాలేరే. పని పద్ధతి రాసిన చీటీ దాని ముందు ఉండాల్సిందే.

రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి వెళ్ళి హైదరాబాదులో కంప్యూటరు కొలువులు చేస్తున్న కుర్రకారుకు ఇది తెలిసిన సంగతే. సెలవులకు వచ్చిన కొడుకు అరుగు మీద కూర్చుని ఏం రాస్తున్నాడో పెద్దలకే అంతుపట్టదు!

ఆంత్రోపిక్ సంస్థ 2025 ఫిబ్రవరిలో 'క్లాడ్ కోడ్' అనే ఏజెంటును, అక్టోబరులో 'స్కిల్స్'ను తెచ్చింది. స్కిల్ అంటే ఒక ఫోల్డరు. ఫలానా పని ఎలా చేయాలో అందులో మామూలు మాటల్లో రాసి ఉంటుంది. ఏజెంటు ముందు దాని పేరు, వివరణ మాత్రమే చూస్తుంది. అవసరమనుకుంటేనే మిగతాది చదువుతుంది. వివరణ సరిగా లేకపోతే స్కిల్ ఉన్నా లేనట్టే.

అసలు చిక్కు చీటీ పాతబడటంలో ఉంది. ప్రోగ్రాము మారినా చీటీ మారదు. తీసేసిన ఫైలు పేరు అందులో అలాగే ఉంటుంది. ఏజెంటు దాన్నే నమ్మి పని చెడగొడుతుంది. వేసవిలో కాల్వలు కట్టేశాక పూడిక తీసినట్టు, ఈ చీటీలనూ అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

ఉచితంగా దొరికిందని ఎవరో రాసిన స్కిల్‌ను చదవకుండా దించుకోవడం మరీ ప్రమాదం. అందులో చెడ్డ ఆదేశం ఉంటే ఏజెంటు దాన్ని మన కంప్యూటరులోనే నడపవచ్చు. పాస్‌వర్డులు పరుల పాలు కావచ్చు. ఫైళ్ళు చెరిపే పనికి ప్రతిసారీ అనుమతి అడిగేలా అమర్చుకోవాలి. చీటీ మార్చేముందు పాతదాని నకలు దాచి, మార్చాక చిన్న పనొకటి చేయించి చూస్తే తేడా అక్కడే బయటపడుతుంది.